రుచి చూసి చెట్టు కొనకండి: అమెరికా పెరట్లో ఆసియా బేరి ఎంపిక

ఏడేళ్ల క్రితం ఆగస్టులో ఒక మిత్రుడి ఇంట్లో హోసుయ్ అనే ఆసియా బేరి పండు తిన్నాను. రాగి రంగు తొక్క, లోపల తెల్లని గుజ్జు, కొరికితే మోచేతి దాకా కారే రసం. ఆ చలికాలమే నార్త్ కరోలినాలోని కేరీలో, మా పెరట్లో హోసుయ్ మొక్క నాటాను. మూడో వసంతంలో నిండుగా పూసింది. పూత రాలిన రెండు వారాలకు కొమ్మల కొసలు నల్లబడి గొడుగు పిడిలా వంగాయి. ఆకులు రాలనైనా రాలలేదు. సెగకు కమిలినట్టు మాడి కొమ్మలను అంటుకునే ఉన్నాయి. జూన్ వచ్చేసరికి సగం చెట్టు పోయింది.

ఆసియా బేరి మొక్క గురించి నన్ను అడిగేవారు కూడా నేను చేసిన పనే చేయబోతుంటారు. కొరియా దుకాణంలో తిన్న పండును వర్ణించి, ఆ మొక్క ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. మీరుండే ఊరేది, పెరట్లో ఎన్ని చెట్లకు చోటుంది, పండ్లు ఏ నెలలో కావాలి అని నేను ఎదురు అడుగుతాను. రుచి గురించి చివర మాట్లాడుకోవచ్చు. ఈ రకాలలో చప్పగా ఉండేది ఏదీ లేదు గానీ, చచ్చిపోయేవి ఉన్నాయి.

మొదట పేరు సంగతి. మనలో చాలామంది పియర్ అంటారు, హైదరాబాద్‌లో నాష్‌పతి అంటారు, నిఘంటువులో బేరి అని ఉంటుంది. వానాకాలంలో బండ్ల మీద కనిపించే గట్టి నాష్‌పతి, అంటే పంజాబ్‌లో పండే పత్తర్‌నాఖ్, ఈ ఆసియా జాతికి చెందినదే. కాబట్టి ఇది మనకు మరీ పరాయి పండు కాదు. ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివినవారికి గుర్తుండవచ్చు: జామ, సపోటా, బేరి గుజ్జులో పంటికి తగిలే గరుకుకు రాతి కణాలు కారణం. జపాన్‌లో తరతరాలుగా మేలిరకాలను ఎంచుకుంటూ ఆ గరుకును తగ్గించారు, రసం పెంచారు. హోసుయ్ అన్న పేరుకే సమృద్ధిగా నీరున్నది అని అర్థం.

ఆసియా బేరా, దుకాణాల్లో దొరికే బార్ట్‌లెట్ లాంటి యూరప్ బేరా అన్నది తేల్చుకోవడం తేలిక. యూరప్ బేరిని చెట్టు మీదే పండనిస్తే లోపలి నుంచి కుళ్లుతుంది. గట్టిగా ఉండగానే కోసి, చల్లగా ఉంచి, తర్వాత ఇంట్లో మగ్గబెట్టాలి. మామిడికాయలను మగ్గబెట్టిన చేతులకు అది పెద్ద పని కాదు. కానీ మగ్గిన బార్ట్‌లెట్ ఒకటి రెండు రోజులకు మించి ఆగదు. ఆసియా బేరి చెట్టు మీదే పండుతుంది, కోసిన క్షణంలో తినవచ్చు, ఫ్రిజ్‌లో వారాలు, కొన్ని రకాలైతే నెలలు నిలుస్తుంది. మీకు కావలసింది జామ్, హల్వా, కేకు అయితే బార్ట్‌లెట్ వైపు వెళ్లండి. కరకరలాడే పచ్చి పండు కావాలంటే మిగతాది చదవండి.

తెగులు తెలియని రకాలు

నా హోసుయ్‌ను తిన్న తెగులు పేరు ఫైర్ బ్లైట్. తెలుగులో అగ్గి తెగులు అందామంటే ఆ పేరును వరికి వచ్చే తెగులుకు ఎప్పుడో ఇచ్చేశాం. వరిలోది శిలీంధ్రం, ఇది బాక్టీరియా. వసంతంలో వెచ్చని తడి రోజుల్లో తేనెటీగల వెంట, వాన చినుకుల వెంట పువ్వుల్లోకి చేరి, అక్కడి నుంచి కొమ్మలోకి, కాండంలోకి దిగుతుంది. దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా. 1780లలోనే హడ్సన్ లోయ తోటల్లో దీన్ని గమనించారు.

జపాన్ రకాలను తయారు చేసిన కాలంలో అక్కడ ఈ తెగులు లేదు. కొరియాలో కూడా 2015లో గానీ బయటపడలేదు. అంటే ఆ దేశాల పరిశోధకులు తీపి, రసం, పరిమాణం, నిల్వ చూసి రకాలను ఎంచుకున్నారే తప్ప, ఎన్నడూ చూడని తెగులుకు తట్టుకుంటుందా అని పరీక్షించే అవసరం వారికి రాలేదు. 1972లో విడుదలైన హోసుయ్ ఆ దృష్టితో చూస్తే గొప్ప విజయం. దాన్ని తెచ్చి తెగులు పుట్టింట్లో నాటింది మనం. షింకో అనే మరో జపాన్ రకానికి మాత్రం ఈ తెగులును తట్టుకునే శక్తి బాగా ఉంది. ఎవరూ కోరి పెట్టింది కాదు, దాని అదృష్టం, మన అదృష్టం.

అందుకే జార్జియా, కరోలినాలు, వర్జీనియా, తూర్పు టెక్సస్ లాంటి చోట్ల, వసంతంలో ఉక్కపోత, వాన కలిసి వచ్చే ఊళ్లలో నా సలహా ఒకటే: మొదటి చెట్టు షింకో. దాల్చినచెక్క రంగు తొక్క, కాస్త అణిగిన గుండ్రని కాయ, మంచి తీపి, మంచి రసం. హోసుయ్ పక్కన పెట్టి తింటే వాసనలో ఒక మెట్టు కిందే ఉంటుంది, కాదనను. కానీ హోసుయ్ పక్కన పెట్టడానికి మీ దగ్గర హోసుయ్ మిగలాలి కదా.

రెండో చెట్టుగా కొరియన్ జెయింట్ పెట్టండి. కొన్ని నర్సరీలు దీన్నే ఒలింపిక్ అన్న పేరుతో అమ్ముతాయి. ఫైర్ బ్లైట్‌ను షింకో అంత కాకపోయినా బాగానే తట్టుకుంటుంది. కాయ అరకిలో తూగడం మామూలే. అన్నిటికంటే చివర పండుతుంది. మా ఊళ్లో సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు దాకా. దసరాకు కోసిన కాయలను విడివిడిగా కాగితంలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెడితే సంక్రాంతికి కూడా కరకరలాడుతూనే ఉన్నాయి. ఇంత నిల్వ ఉండే పండు మా పెరట్లో ఇంకొకటి లేదు.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. దుకాణాల్లో నురుగు వలలు తొడిగి పెట్టెల్లో అమ్మే కొరియా పండు ఇది కాదు. దానిని కొరియాలో సింగో అంటారు, అది నీతాకా అనే జపాన్ రకం. నాజు ప్రాంతం ఆ పండుకు పేరుపొందింది. చుసోక్ పండుగకు పెద్దల పూజలో కూడా బేరి పండ్లను పెడతారు. నీతాకా చెట్టుకు ఒక చిక్కుంది, దాని సంగతి కింద చెబుతాను.

నిజిస్సెయికి అంటే ఇరవయ్యో శతాబ్దం; ఇక్కడి నర్సరీలు ఆ అర్థాన్నే ఇంగ్లీషులో రాసి అమ్ముతాయి. పలుచని పసుపు తొక్క, నునుపైన గుజ్జు, సున్నితమైన తీపి. 1888లో చిబా రాష్ట్రంలోని మత్సుదోలో పదమూడేళ్ల అబ్బాయి ఒకడు చెత్తకుప్ప దగ్గర మొలిచిన మొక్కను తెచ్చి పెంచితే వచ్చిన రకం ఇది. తర్వాత తొత్తోరి ప్రాంతానికి దీని వల్లే పేరొచ్చింది. నల్లమచ్చ తెగులు దీనికి పాత శత్రువు. ఆ బాధ తప్పించడానికి 1962లో చెట్లను నాటి గామా కిరణాలు తగిలేలా పెంచారు. తట్టుకునే కొమ్మ ఒకటి దొరకడానికి 1981 దాకా పట్టింది. గోల్డ్ నిజిస్సెయికి ఆ కొమ్మ సంతానమే. ఒక కొమ్మ కోసం పంతొమ్మిదేళ్లు చూసినవాళ్లను తలచుకుంటే, మూడో ఏడు కాపు రాలేదని విసుక్కోవడానికి సిగ్గేస్తుంది. పెరటికి మాత్రం ఇది రెండో వరసలోని ఎంపిక. తొక్క పలుచన కాబట్టి కొమ్మ రాసుకున్నా మచ్చపడుతుంది, ఫైర్ బ్లైట్ భయమూ ఉంది.

షిన్సెయికి దాని బిడ్డే. తల్లి పోలికతో పసుపు తొక్క. అందరికంటే ముందు, మా దగ్గర జూలై ఆఖరుకే పండుతుంది. చలి కూడా తక్కువే అడుగుతుంది. పక్కన రెండో చెట్టు లేకుండా కొంత కాస్తుందని దీనికి పేరు. చోజురో పాత రకం, కవాసాకి వాళ్లది. రసం తక్కువ, గుజ్జు గట్టి, వాసన మాత్రం పాకం పట్టిన బెల్లంలా ఉంటుంది. పిల్లలకు నచ్చదు, నాకు ఇష్టం. చైనా యా లి ఆకారంలో యూరప్ బేరిలా, కొరికితే ఆసియా బేరిలా ఉంటుంది. మరీ ముందుగా పూస్తుంది కాబట్టి మార్చి మంచుకు పూతంతా పోగొట్టుకుంటుంది. దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్నవారు ఆలోచించవచ్చు.

సగోత్రం చూసుకోవాలి

ఒక్క చెట్టు చాలుననుకునేవారు ఈ భాగం తప్పక చదవండి. ఆసియా బేరి చాలావరకు తన పుప్పొడితో తాను కాయదు. పక్కన మరో రకం ఉండాలి, రెండూ ఒకేసారి పూయాలి, పైగా రెండూ సగోత్రం కాకూడదు. నిజిస్సెయికి, కికుసుయ్ అలాంటి జంట: తల్లీబిడ్డలు, పుప్పొడి గుర్తులు ఒకటే కాబట్టి ఒకదానికొకటి పనికిరావు. కోసుయ్, షిన్సుయ్ కూడా అంతే. పూతలు కలిశాయని సంబరపడితే పిందె నిలవదు.

నీతాకా చిక్కు ఇదే. దాని పుప్పొడికి సత్తువ లేదు. ఇతరుల నుంచి తీసుకుంటుందే గానీ తిరిగి ఇవ్వదు. నీతాకాతో పాటు ఇంకొక్క చెట్టే పెడితే నీతాకా కాస్తుంది, రెండోది బోసిగా నిలబడుతుంది. అది కావాలంటే మూడు చెట్లకు చోటుండాలి. మన పెరళ్లలో ఎందరికి అంత చోటుంది?

ఒకే చెట్టుకు నాలుగు రకాలు అంటుకట్టి అమ్మే మొక్కలు ఈ బాధకు మందులా కనిపిస్తాయి. నేను వద్దనే అంటాను. నాలుగు కొమ్మల్లో ఒకటి బలిసి మిగతా మూడింటిని నొక్కేస్తుంది. కత్తెర పట్టుకుని ఏటా పంచాయితీ చేయాలి. అంతకంటే ముఖ్యంగా, ఆ నాలుగింటిలో ఒకటి హోసుయ్ అయితే తెగులుకు ఇంటి తలుపు తీసి పెట్టినట్టే. చోటు మరీ తక్కువైతే ఒకే గుంటలో పక్కపక్కన అర మీటరు దూరంలో రెండు మొక్కలు నాటి, చెరొక వైపు వంచి పెంచండి. అదీ కుదరకపోతే షిన్సెయికి ఒక్కటే నాటి, పూత కాలంలో తెలిసినవారి బేరి కొమ్మ పూలతో తెచ్చి నీళ్ల బకెట్టులో చెట్టు కింద పెట్టండి. నవ్వకండి, పనిచేస్తుంది. బేరి పూల తేనెలో తీపి తక్కువ, తేనెటీగలు అంతగా మోజుపడవు. చైనాలోని సిచువాన్‌లో హాన్‌యువాన్ రైతులు చెట్లెక్కి చేత్తో పుప్పొడి అద్దడం ప్రపంచమంతా ఫొటోల్లో చూసింది. మీది ఒక్క చెట్టే.

కొనేటప్పుడు

చీటీ మీద రెండు పేర్లు ఉండాలి: పైన అంటిన రకం పేరు, కింద వేళ్లనిచ్చే మొక్క, అంటే వేరుమూలం పేరు. పెద్ద దుకాణాల్లో వసంతంలో కుండీల్లో దొరికే మొక్కలకు రెండోది ఉండదు, మొదటిది నిజమని నమ్మకం లేదు. నేను ఒకచోట చోజురో అని కొన్నది మూడేళ్ల తర్వాత పసుపు తొక్కతో కాసింది. చెట్లు పెంచేవారికి ఇలాంటి మూడేళ్లే అసలు నష్టం, డబ్బు కాదు. చలికాలంలో మట్టి లేకుండా ఉత్త వేళ్లతో పంపే నర్సరీల దగ్గర ముందుగా చెప్పి తెప్పించుకోవడం మేలు.

వేరుమూలాల్లో బెటులిఫోలియా అన్నది చెట్టును బాగా పెంచుతుంది, నీరు నిలిచే నేలను కూడా ఓర్చుకుంటుంది. చెట్టు పెద్దదవుతుంది, ఏటా కత్తిరించాలి. ఓహెచ్‌ఎక్స్‌ఎఫ్ 87 మీద కాస్త చిన్నగా ఉంటుంది, పెరటికి అదే హాయి. బేరికి బంధువైన క్విన్స్ చెట్టు మీద అంటిన ఆసియా బేరి ఎవరైనా ఇస్తామంటే తీసుకోకండి, రెండూ అతకవు. కాలరీ బేరి మీద కట్టినవి దక్షిణాదిన బాగానే బతుకుతాయి. అయితే అంటు కింది నుంచి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తీసేయండి. వసంతంలో తెల్లగా పూసి చేపల కంపు కొట్టే బ్రాడ్‌ఫర్డ్ చెట్లు ఆ కాలరీ జాతివే. ఒహాయోలో 2023 నుంచి వాటి అమ్మకం నిషేధించారు. మా రాష్ట్రంలో అలాంటి చెట్టు కొట్టేసినవారికి బదులుగా స్థానిక జాతి మొక్క ఉచితంగా ఇచ్చే పథకం ఉంది.

ఇక ఊరును బట్టి. కాలిఫోర్నియా బే ఏరియాలో వేసవి పొడిగా ఉంటుంది, పూత వేళ వాన లేకపోతే ఫైర్ బ్లైట్ పెద్దగా తలెత్తదు. అక్కడివారు నా మాటలన్నీ పక్కన పెట్టి హోసుయ్ నాటుకోండి, నిజిస్సెయికి తోడు పెట్టండి. నీళ్లు మాత్రం మీరే పోయాలి. గోల్డ్ రష్ అనే బంగారు వేట రోజుల్లో చైనా గని కార్మికులు కాలిఫోర్నియా సియెర్రా నెవాడా కొండ వాగుల పక్కన ఈ చెట్లు నాటారంటారు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనోల నేల చూస్తే కర్నూలు నల్లరేగడి గుర్తొస్తుంది: ఎండకు నెర్రెలు, వానకు జిగురు. గుంట తీస్తే అది తొట్టిలా నీరు పట్టుకుంటుంది కాబట్టి మట్టిని అర మీటరు ఎత్తు దిబ్బ చేసి దాని మీద నాటాలి. సున్నం నేలల్లో ఇనుము అందక ఆకు పసుపెక్కితే కంగారుపడి యూరియా పోయకండి. నత్రజని ఎక్కువైతే లేత చిగుళ్లు విరివిగా వస్తాయి, ఫైర్ బ్లైట్‌కు కావలసింది ఆ లేత చిగుళ్లే. హ్యూస్టన్‌లో చలి చాలని ఏళ్లు ఉంటాయి, షిన్సెయికి సురక్షితం. న్యూజెర్సీలోని ఎడిసన్ వైపు వారికి చలి బాధ లేదు, కాయల రసం పీల్చే కంపు నల్లుల (స్టింక్ బగ్స్) బాధ ఉంది. అమెరికాలో అవి మొదట కనిపించింది పక్కనే, పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో. అవి గుచ్చిన కాయ గుంటలు పడి లోపల బెండులా మారుతుంది. కాయలకు కాగితపు సంచులు కట్టక తప్పదు.

గుంటూరులో ఉన్న మా నాన్నగారు ఒక కొమ్మ పంపమన్నారు. ఈ చెట్టు పూయాలంటే చలికాలంలో ఏడు డిగ్రీల లోపు కొన్ని వందల గంటలు గడవాలి. గుంటూరులో అది జరిగే పని కాదు. ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో ఈ మొక్క అమ్ముతామనేవారిని నమ్మకండి.

చాకిరీ, వంటిల్లు

చెట్టు కాపుకు వచ్చాక మీ చేతికి నొప్పి పుట్టించే పని పిందెలు తుంచడం. గుత్తికి ఆరేడు పిందెలు నిలుస్తాయి. పూత అయిన నెలకు, ఉసిరికాయంత అయ్యేలోపు, గుత్తికి ఒకటే ఉంచి, ఆ ఒక్కటికీ మరొకదానికీ మధ్య జానెడు దూరం వచ్చేలా మిగతావి తుంచేయాలి. మొదటి ఏడాది నాకు మనసు రాలేదు. నిమ్మకాయంత చప్పటి కాయలు రెండు వందలు వచ్చాయి, ఒక కొమ్మ విరిగింది, మరుసటి ఏడు పూతే లేదు. షింకో అయితే మరీ విరగకాస్తుంది, దయ చూపకండి. ఈ పని చేయలేమనుకుంటే చెట్టు మానేసి, శరదృతువులో కొరియా దుకాణంలో ఒక పెట్టె కొనుక్కోవడమే లెక్కకు తక్కువ. నేను వెటకారంగా అనడం లేదు. ఇద్దరుండే ఇంటికి ఆ పెట్టె చాలు.

మాడిన కొస కనబడితే కనబడిన రోజే, మాడు ఆగినచోటికి జానెడున్నర కిందికి కోసేయండి. ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. కోసిన కొమ్మను ఎరువు గుంటలో వేయకండి.

వంటింట్లో ఈ పండుకు హద్దులున్నాయి. ఊరగాయ పెట్టి చూశాను; రెండు రోజులకే నీరు వదిలి కారం తేలిపోయింది. హల్వా కూడా నీరుగారింది. పెరుగు పచ్చడికి మాత్రం షింకో దివ్యంగా ఉంటుంది: తురిమి, గట్టిగా పిండి, ఆ రసం తాగేసి, తురుమును చిక్కటి పెరుగులో కలిపి ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ తాలింపు పెట్టాలి. కొరియన్ జెయింట్ అసలు ఉపయోగం మాంసంలో. కొరియా వారు బుల్గోగీకి ముందు మాంసాన్ని బేరి తురుములో నానబెడతారు, మనం మటన్‌కు పచ్చి బొప్పాయి రాసినట్టు. బొప్పాయి ఒక గంట ఎక్కువైతే ముక్క పిండైపోతుంది. బేరి అంత దూకుడుగా పనిచేయదు, కాస్త తీపి కూడా ఇస్తుంది. ఉల్లి, అల్లం తగ్గించకుండా వేస్తే వేపుడులో ఆ తీపి తేడా చేయదు. దగ్గు కాలంలో కొరియా వారి పద్ధతినే అల్లం, మిరియాలు, తేనె వేసి ఉడికిస్తాం. మా ఇంట్లో దానికి బేరి కషాయమని పేరు స్థిరపడింది. ఎండబెట్టిన ముక్కలకు హోసుయ్‌ను మించింది లేదు.

ఆ హోసుయ్‌ను నేను పూర్తిగా కొట్టేయలేదు. తెగులు కాండంలోకి దిగకముందే కోసి, మిగిలిన మొద్దుకు తరువాతి మార్చిలో షింకో అంటు కట్టాను. తూర్పు వైపు ఒక్క హోసుయ్ కొమ్మ మాత్రం ఉంచాను, కత్తెర దాని పక్కనే మేకుకు వేలాడుతుంటుంది. కిందటి ఆగస్టులో ఆ కొమ్మకు పదకొండు కాయలు నిలిచాయి. సంచులు కట్టినా ఏడింటిని ఉడతలు తిన్నాయి.